పులివెందుల స్టాండ్‌బై

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై ఏండ్లు దగ్గర పడ్డాక. చెయ్యి నిదానం. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. వొత్తులు, దీర్ఘాలు తప్పినవి ఉంటే నావి, సరిగ్గా ఉన్నవి మా ఆఫ్రీన్ టీచరమ్మ దిద్దినవి. ఒక కంప్యూటర్ ఆఫీసులో పదకొండేండ్లు నేల తుడిచాను. సర్వర్ల గురించి నాకు తెలిసిందంతా అక్కడి పిల్లలను అడిగి తెలుసుకున్నదే. మిగతాది కల్పన. తప్పులు మన్నించి చదవండి.

సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. పులివెందుల.

పూల అంగళ్ల వెనక సందులో ‘హజరా ఫాల్ అండ్ పీకో’ అని చిన్న బోర్డు. అరవై దాటిన ఒక పెద్దమనిషి చంకలో నీలం చీర పెట్టుకుని మెట్లెక్కాడు.

“దీనికి ఫాల్ వేయాల. గుడ్డ తడిపినావామ్మా?”

మిషన్ ఆగింది.

“రెండు తూర్లు తడిపినా.”

“నీళ్లు యాడివి?”

“చిత్రావతివి.”

కోడ్ సరిపోయింది. ఫాల్ గుడ్డ ముందే తడిపి ఆరబెట్టకపోతే మొదటి ఉతుక్కే చీర అంచు ముడుచుకుంటుంది. అందుకే తడిపావా అని ఏ ఆడమనిషైనా అడుగుతుంది. రెండుసార్లు తడిపానని మాత్రం ఎవరూ చెప్పరు.

హజరాబీ లేచి షట్టర్ సగం దించింది. నిజానికి ఆమె హజరాబీ కాదు. ఏజెంట్ నూరున్నీసా. వయసు నలభై తొమ్మిది. తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఆమెను అసలు పేరుతో పిలిచిన మనిషి లేడు. వచ్చినవాడు ఆమె చీఫ్ నారాయణ. ప్రొద్దుటూరులో బట్టల గోడౌన్ నడుపుతున్నట్టు అందరూ అనుకుంటారు. ఒకప్పుడు కలమల్ల దగ్గర లైన్‌మ్యాన్. ఏజెంట్లందరికీ ఆయన మామే.

ఆమె గోడకున్న జాకెట్టు పీసుల అర పక్కకు జరిపింది. వెనక చిన్న గది. అందులో బీరువా అంత ఎత్తున నల్లటి క్యాబినెట్. లోపల సర్వర్. దాని ఫ్యాన్ల రొద బయటికి వినిపించకూడదనే ముందు గదిలో పీకో మిషన్ పెట్టించింది డిపార్ట్‌మెంట్.

“మూడు నిమిషాల బ్రీఫింగ్. విను,” అన్నాడు నారాయణ. “ముఠా పేరు కోబాల్ట్. విదేశీ ముఠా. ఆయుధాల స్మగ్లింగ్. ఏడేండ్ల కిందట మన జిల్లా నుంచి నలభై ఒక్క మందిని గల్ఫ్‌కు పంపిచ్చినాం. డ్రైవర్లు, వంటోళ్లు, టైలర్లు. అందరూ దొంగ పేర్ల మీదే. ఆడ పని చేసుకుంటానే ముఠా గుట్టు మనకు పంపినారు.”

“తెలుసు మామా.”

“శుక్కురారం పగలు పన్నెండుకు వాళ్లను ఎనక్కి పిలుచుకొస్తాండాం. ఎయిర్‌పోర్టులో మన ఆఫీసరు ఒకాయన ఉంటాడు. ఈ దొంగ పేరోని అసలు పేరేంది అని మన సర్వర్‌ను అడుగుతాడు. లిస్టులో ఉంటే ఇమానం ఎక్కుతాడు.”

“లేకుంటే?”

“లేకుంటే వాడెవుడో మనకు తెల్దు. దొంగ పేరోడని ఆ దేశమోళ్లు జైల్లో ఏస్తారు.”

లిస్టులో పద్దెనిమిదో పేరు అబ్దుల్ సత్తార్. నూరున్నీసా తమ్ముడు. ఏడేళ్లుగా ఉత్తరం లేదు, ఫోన్ లేదు. బతికే ఉన్నాడనడానికి ఆ లిస్టులో అతని పేరు కొట్టివేయకపోవడం ఒక్కటే సాక్ష్యం.

“లిస్టుకు నకలు తీసినారా?”

“తీయలేదు. రెండు సోట్ల ఉంటే అది రహస్యం కాదమ్మా, పాంప్లెట్. ఆ డిస్కు ఒకటే. నా గోడౌన్ కింద. సరే గానీ, క్లస్టర్ సంగతి ఒప్పజెప్పు సూస్తాం.”

ప్రతిసారీ ఆయన ఈ పరీక్ష పెడతాడు. ఆమె ప్రతిసారీ ఒప్పజెబుతుంది.

“డిస్కు ఒకటి, ప్రొద్దుటూర్లో. సర్వర్లు రెండు. జమ్మలమడుగుది యాక్టివ్. నాది స్టాండ్‌బై, అది ఆగిపోతే పని అందుకునేది. డిస్కు కాడికి రెండిటికీ వేరే వేరే దారి ఉండాది. కానీ ఒక సమయంలో ఒకటే దాన్ని మౌంట్ చేసుకోవాల, అంటే చేతిలోకి తీసుకోవాల. ఒకటే రాయాల.”

“రెండూ పట్టుకుంటే?”

“ఒకే చీరను రెండు మిషన్లు రెండు పక్కలా లాక్కుని కుట్టినట్ల. ఏ మిషనూ తప్పు చేయదు. చీర మాత్రం పీలికలైపోతాది. దాన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.”

“ఈ దీపం ఆగితే?”

పీకో మిషన్ మీద అగ్గిపుల్ల తలకాయంత పచ్చ దీపం ఉంది. సెకనుకు ఒకసారి వెలిగి ఆరుతుంది. జమ్మలమడుగు సర్వర్ పంపే హార్ట్‌బీట్ అది. నేనున్నాను, నేనున్నాను అని.

“ఆగితే ఆడ సర్వర్ సచ్చిందని కాదు. దాని మాట నాకు అందలేదు, అంతే. అప్పుడు నేను ఎర్ర స్విచ్ నొక్కాల. ఆడ సర్వర్‌కు కరెంటు తెగతాది. తెగినాదని ఈడ తెల్ల దీపం వెలగాల. ఆ తర్వాతే డిస్కు ముట్టుకోవాల.”

“తెల్ల దీపం వెలక్కపోతే?”

“ముట్టుకోగూడదు.”

నారాయణ తల ఊపాడు. “ఇరవై ఏండ్లు స్తంభాలెక్కినా. ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పీకి జేబులో ఏసుకుంటాం. కింద పెడితే ఎవుడో ఒగడు, మోటరు ఆగిపాయనే అని తెచ్చి పెట్టేస్తాడు. ఫ్యూజు నా జేబులో ఉంటేనే లైను సచ్చినట్టు. తీగ ఊరికే ఉండాది గదా అని నమ్మి ఎక్కినోడు దిగి రాలేదు. దాన్నే ఈ కంప్యూటరోళ్లు ఫెన్సింగ్ అంటాండారు.”

ఆయన సంచిలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి పసుపు రంగు కొలత టేపు. లోపల స్టీలు రేకు ఉంది. మొదలు పట్టుకుని విదిలిస్తే కొరడా. రెండోది బాబిన్. దారం చుట్టిన ఆ చిన్న చక్రంలో ఎలక్ట్రానిక్ తాళంచెవి ఉంది. సర్వర్ తనంతట తాను డిస్కు పట్టుకోలేనప్పుడు మనిషి చేత్తో పట్టించడానికి.

“మనలోనే ఎవురో కోబాల్ట్‌తో కలిసినారు. ఎవురో తెల్దు. ఎట్ల కొడతారో తెల్దు. బేస్తవారం హెడ్ ఆఫీసు నుంచి అమూల్య అని ఇంజనీరు వస్తాది. సర్వర్ చెక్ చేసి పోతాది.”

“చాయ్ తాగి పో మామా.”

“రూలు లేదమ్మా.”

ఆయన వెళ్లిపోయాడు. చీర మాత్రం మిగిలింది. నిజంగానే ఫాల్ వేయాల్సిన చీర.

*

స్టాండ్‌బై ఉద్యోగం ఎట్లాంటిదంటే, తొమ్మిదేళ్లు సిద్ధంగా ఉండాలి, తొమ్మిదేళ్లూ ఎవరికీ నీతో పని పడకూడదు. పని పడలేదంటే నీ ఉద్యోగం నువ్వు బాగా చేసినట్టు.

నూరున్నీసా తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి, గుప్పెడు బియ్యం కడిగి, ఒక్క మనిషికి సరిపడా కుక్కర్ పెట్టుకునేది. ఒక్కరికి పప్పు చేయడం కష్టం. ఎంత తక్కువ వేసినా రెండో పూటకు మిగులుతుంది. ఇరుగుపొరుగుతో ఎక్కువ మాట్లాడకూడదు. పెళ్లికి పిలిస్తే మోకాళ్ల నొప్పులని చెప్పాలి. కొన్నాళ్లకు పిలవడం మానేశారు. ఇప్పుడు మోకాళ్లు నిజంగానే నొప్పి పుడుతున్నాయి.

షట్టర్ తీయగానే పచ్చ దీపం వైపు చూసి “సలాం వాహిద్ భాయ్” అనేది. అవతలి కొసన, జమ్మలమడుగులో ఇన్వర్టర్ల షాపులో ఆ సర్వర్‌ను కాపలా కాసే ఏజెంట్ అబ్దుల్ వాహిద్. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు. గొంతు వినలేదు. నంబర్ తెలియదు. చీఫ్ ఒకసారి నోరు జారి పేరు చెప్పాడు, అంతే. ఆమె దగ్గర అతని సర్వర్‌ను చంపే ఎర్ర స్విచ్ ఉంది. అతని దగ్గర ఆమె సర్వర్‌ను చంపే ఎర్ర స్విచ్ ఉంది. తొమ్మిదేళ్లలో ఆమెకున్న చుట్టరికం అదొక్కటే.

గురువారం మూడు గంటలకు వీధిలో తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, సందు మొదట్లోంచే తెలిసిపోయే సెంటు వాసన. ఎదురుగా బజ్జీలు వేసే ఆయన నూనెలో వేయాల్సిన మిరపకాయను నేల మీద వేశాడు.

“ఫాల్ తడిపారా?” అంది ఆమె.

“రెండు తూర్లు.”

“నీళ్లు?”

“చిత్రావతివి.”

కళ్లద్దాలు తీసి నవ్వింది. “నేను అమూల్య. మిమ్మల్ని ఏమని పిలవాలి? హజరా ఆంటీ అనా, నూరున్నీసా ఆంటీ అనా?”

అసలు పేరు. తొమ్మిదేళ్ల తర్వాత ఒక మనిషి నోట అసలు పేరు.

“రెండోదే అను, అమ్మాయ్.”

అమూల్య వెనక గదిలో కూర్చుని కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూనే మాట్లాడింది. మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. తమ్ముడి గురించి అడిగింది. “ఇంత ఒంటరిగా ఎట్లా ఉంటారు ఆంటీ? నాకైతే పిచ్చెక్కుతుంది,” అంది.

“అలవాటైపాయ. మాట్లాడ్డమే మర్చిపోతానేమో అని మిషన్‌తో మాట్లాడతాంటా.”

“అది తిరిగి మాట్లాడుతుందా?”

“దారం తెంపుతాది. అదే దాని జవాబు.”

ఇద్దరూ నవ్వారు. ఆ గదిలో రెండు నవ్వులు ఒకేసారి వినిపించడం అదే మొదటిసారి. ఇంటికొచ్చిన మనిషి, నవ్విన మనిషి, చాయ్ తాగకుండా పోవడమా? నూరున్నీసా లేచింది. రూలు ప్రకారం సర్వర్ దగ్గర ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. పాలు అయిపోయాయి. సందు చివరి అంగడికి వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చి, అల్లం దంచి, చాయ్ కాచింది. ఏడు నిమిషాలు. బిస్కెట్లు కూడా సాసర్లో పెట్టింది.

“అద్భుతంగా ఉంది ఆంటీ,” అంది అమూల్య, కప్పు చివరిదాకా తాగి.

ఆ సాయంత్రం నూరున్నీసా రెండు కప్పులు కడిగింది. రెండోది కడగడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

*

శుక్రవారం, పదకొండు నలభై ఒకటి.

పచ్చ దీపం ఆగిపోయింది.

నూరున్నీసా కాలు పెడల్ మీదే ఉండిపోయింది. ఒక సెకను. రెండు. పది. వెలగలేదు. లేచి వెనక గదిలోకి నడిచి, ఎర్ర స్విచ్ మూత తెరిచి నొక్కింది. తెల్ల దీపం కోసం చూసింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. వెలగలేదు.

ముందు గదిలోకి వచ్చి, చీఫ్ పిలిచాడేమోనని ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

పదకొండు నలభై ఎనిమిదికి అమూల్య లోపలికి దూసుకొచ్చింది. జుట్టు చెదిరి ఉంది. చేతిలో వెండి రంగు పౌడర్ డబ్బా. దాన్ని బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

“ఆంటీ, వాహిద్ చనిపోయాడు.”

నూరున్నీసా చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

“పొద్దున విషం పెట్టారు. చూసేవాళ్లకు గుండెపోటు అనిపిస్తుంది. నేను జమ్మలమడుగు నుంచే వస్తున్నా. ఇప్పుడు అతని సర్వర్‌ను కూడా ఆపేశారు. మీ దీపం ఆగింది కదా?”

“ఆగినాది.”

“ఇక మీదే భారం. బాబిన్ తీయండి. డిస్కు మన సర్వర్ పట్టుకోవాలి. పన్నెండు నిమిషాలే ఉంది. నలభై ఒక్క మంది ఆంటీ. మీ తమ్ముడు.”

నూరున్నీసా చెయ్యి రవిక లోపల దాచిన బాబిన్ మీదికి వెళ్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూడని మనిషి కోసం ఏడుపేమిటో ఆమెకే అర్థం కాలేదు. ముఖం తలుచుకుందామంటే ముఖం లేదు. సెకనుకోసారి వెలిగే పచ్చ చుక్క మాత్రమే ఉంది.

“ఒంటరోడు. ఎవురైనా ఉండారా పక్కన?” అంది.

“ఉన్నారు ఆంటీ, బాధపడకండి. నేను వెళ్లేసరికి మసీదువాళ్లు వచ్చి స్నానం చేయిస్తున్నారు. నేను కూడా తల దగ్గర నిలబడి నీళ్లు అందించాను. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో.”

నూరున్నీసా కళ్లు తుడుచుకుంది.

“గుసుల్ కాడ నువ్వు నీళ్లు అందిచ్చినావా?”

“నా చేతులతోనే.”

“పరదా లోపల?”

“అవును ఆంటీ. ఎందుకు?”

మగమనిషి మయ్యత్‌కు, అంటే శవానికి, స్నానం చేయించేది మగవాళ్లే. నాలుగు పక్కలా గుడ్డ కట్టి చేయిస్తారు. ఆ గుడ్డ దరిదాపులకు పరాయి ఆడమనిషిని, అందులోనూ కళ్లద్దాలు పెట్టుకుని కారు దిగిన మనిషిని, జమ్మలమడుగులో కాదు, ఏ ఊళ్లోనూ రానివ్వరు. వాళ్ల వీధిలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి అది. హెడ్ ఆఫీసు వాళ్లు అమూల్యకు పద్నాలుగు భాషలు నేర్పారు, ఎనిమిది తుపాకులు నేర్పారు. ఇది నేర్పలేదు.

నూరున్నీసా బాబిన్ మీంచి చెయ్యి తీసేసింది.

“ఎంతమంది ఇండ్లలో చాయ్ తాగినావో గానీ అమ్మాయ్, ఒక్క ఇంట్లో కూడా మయ్యత్ సూడలేదు నువ్వు.”

అమూల్య ముఖంలోంచి బాధ, దీపం ఆర్పినట్టు పోయింది. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత విప్పితే లోపల రంగు లేదు. సన్నటి గొట్టం ఉంది. చివర రంధ్రం నూరున్నీసా నుదుటికి గురిగా ఉంది.

“కూర్చోండి ఆంటీ.”

“వాహిద్ బతికే ఉండాడా?”

“బతికే ఉన్నాడు. అతని సర్వర్ కూడా. డిస్కు దాని చేతిలోనే ఉంది. ముద్దనూరు దగ్గర మావాళ్లు హార్ట్‌బీట్ కేబుల్ తెంపారు, అంతే. జేసీబీ పెట్టి, ‘రోడ్డు పనులు జరుగుచున్నవి’ అని బోర్డు పెట్టాం. ఈ జిల్లాలో రోడ్డు తవ్వుతుంటే ఎందుకని ఎవరూ అడగరు. మీ ఎర్ర స్విచ్ పోయేది కూడా ఆ కేబుల్ మీదే. మీ డిపార్ట్‌మెంట్ పిసినారితనం మాకు కలిసొచ్చింది.”

“ఫోన్?”

అమూల్య పౌడర్ డబ్బా వైపు చూపించింది. “జామర్. ఫోన్లు పనిచేయనివ్వదు. బయట కారులో ఉన్నప్పుడే ఆన్ చేశా.”

“నేను బాబిన్ ఇయ్యను. సంపుకో.”

“అవసరం లేదు. మీ చేత్తో జరిగితే నేరం మీ పేరు మీద ఉంటుంది, హెడ్ ఆఫీసులో నా కుర్చీ నాకుంటుంది అని ఆశపడ్డా. అంతే. నిన్న మీరు చాయ్ పెట్టడానికి వెళ్లారు చూడండి, ఏడు నిమిషాలు. అప్పుడే మీ సర్వర్‌కు కొత్త రూల్ రాశాను. దీపం ఆగితే తెల్ల దీపం కోసం చూడొద్దు. పదకొండు యాభై ఎనిమిదికి డిస్కును తానే మౌంట్ చేసుకో, రాయడం మొదలుపెట్టు. రెండు సర్వర్లు, రెండూ నిజాయితీగా పని చేస్తాయి. రెండు నిమిషాల్లో లిస్టు గుర్తుపట్టలేనంతగా పాడైపోతుంది. పన్నెండుకు మీ ఆఫీసరు అడిగితే జవాబు చెప్పడానికి పేరే ఉండదు.” ఆమె చిన్నగా నవ్వింది. “చాయ్ మాత్రం నిజంగా బాగుంది ఆంటీ.”

గోడ గడియారం పదకొండు యాభై నాలుగు చూపిస్తోంది.

నూరున్నీసా తల వంచుకుని కూర్చుంది. బయటికి ఓడిపోయిన ముసలిదాని మాదిరి కనిపించింది. లోపల లెక్క నడుస్తోంది. వాహిద్ సర్వర్‌కు కరెంటు తెంపలేదు. తెంపగలిగినా తెంపకూడదు, లిస్టు దాని చేతిలో భద్రంగా ఉంది. ఆపాల్సింది రెండోదాన్ని, తనదాన్ని. అది తన వెనకే, గోడ అవతల రొద పెడుతోంది. తొమ్మిదేళ్లు ఎప్పుడు పని పడుతుందా అని చూసిన సర్వర్. పని పడిన రోజున దానికి చెప్పాల్సిన మాట ఒక్కటే. నువ్వు చచ్చిపో.

యాభై ఆరు.

“మోకాలు పట్టేసినాది అమ్మాయ్. కాలు సాపుకోనీ.”

“మెల్లగా.”

కాలు చాపింది. అదే ఊపులో మెడలో వేలాడుతున్న టేపు విదిలించింది. పసుపు కొరడా గాలిని కోసుకుంటూ వెళ్లి అమూల్య మణికట్టు మీద పడింది. లిప్‌స్టిక్ పేలింది. గుండు పక్కనున్న ఫాల్ కట్టలోకి దిగింది. ముప్పై రంగుల గుడ్డ పొరలు దాన్ని మింగేశాయి.

అమూల్య కుర్చీ మీదుగా ఎగిరి తన్నింది. ఎత్తు మడమ నూరున్నీసా భుజానికి తగిలింది. ఆమె బల్ల కిందికి దొర్లి, అవతలి పక్క లేచి, మీటర్ బోర్డు దగ్గరికి పాకింది. ఫ్యూజు పీకింది. లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. ఫ్యూజును కొంగున ముడి వేసుకుంది.

సర్వర్ రొద ఆగలేదు.

“యూపీఎస్ ఆంటీ,” అంది అమూల్య, వెనక నుంచి జుట్టు పట్టుకుని. “రెండు గంటలు వస్తుంది. మీ వాహిద్ ఫిట్ చేయించిన బ్యాటరీలే.”

పదకొండు యాభై ఏడు.

నూరున్నీసా మోచేత్తో వెనక్కి పొడిచింది. జుట్టు సగం ఊడి అమూల్య చేతిలోనే ఉండిపోయింది. నూరున్నీసా వెనక గదిలోకి పడింది. స్క్రీన్ మీద అంకెలు దిగుతున్నాయి. నలభై. ముప్పై తొమ్మిది. బ్యాటరీల నుంచి క్యాబినెట్‌కు బొటనవేలంత తీగ. బల్ల మీద కత్తెర. పొడిగా ఉన్న ఫాల్ గుడ్డ పిడికి చుట్టుకుంది. కరెంటు పని చేతికి గుడ్డ లేకుండా చేస్తే మామ తిడతాడు.

అమూల్య కాలు పట్టుకుని లాగింది. నూరున్నీసా బోర్లా పడింది. కత్తెర వదల్లేదు. పదిహేను. పద్నాలుగు. ఒక కాలు అమూల్య చేతుల్లో, ఒక చెయ్యి తీగ మీద. మంచి మోకాలు ఏదో చూసుకుని దానితో తన్నింది. పట్టు వదిలింది. ఐదు. నాలుగు. కత్తెర నోరు తెరిచి తీగను కరిచింది. మందం. రెండు చేతులూ వేసి, ఒళ్లంతా బరువు వేసి నొక్కింది.

రెండు. ఒకటి.

నీలి మెరుపు. గదంతా ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత చీకటి, కాలిన రబ్బరు వాసన. ఫ్యాన్లు మెల్లగా, మెల్లగా తిరిగి ఆగిపోయాయి.

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో ఏ రొదా లేదు.

అమూల్య తల గోడకు కొట్టుకుని తూలుతూ కూర్చుంది. నూరున్నీసా ఆమెను పన్నెండు రంగుల ఫాల్ గుడ్డలతో కుర్చీకి కట్టింది. ముడులన్నీ టైలర్ ముడులు. పౌడర్ డబ్బాను మిషన్ ఇనుప పెడల్ కింద పెట్టి తొక్కింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేచాయి. కానీ ఆమె ఎవరికి చేయగలదు? ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఏజెంట్ ఫోన్ చేయకూడదు. చీఫే చేయాలి.

పన్నెండు.

“ఒక మాట అడుగుతా,” అంది అమూల్య, పెదవి చివర రక్తం నాకుతూ. “వాహిద్ బతికే ఉన్నాడని మీకు చెప్పింది ఎవరు? నేను. నేను అబద్ధాలు చెప్పేదాన్ని కదా. గుసుల్ సంగతి కల్పించానేమో. మనిషి నిజంగానే చచ్చాడేమో. అతని సర్వర్ కూడా ఆగిపోయిందేమో. అయితే బతికున్న ఒక్క సర్వర్‌నీ మీ చేత్తో మీరే చంపారు. మీ తమ్ముణ్ణి కూడా.”

నూరున్నీసా కొంగున ఉన్న ఫ్యూజు ముడి బిగించుకుంది. “ఉండొచ్చు,” అంది.

మిషన్ ముందు కూర్చుంది. ఆరిపోయిన దీపం వైపు చూడకుండా సందులోకి చూసింది. బయట బజ్జీల ఆయన ఎవరితోనో పోట్లాడుతున్నాడు. ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. పన్నెండు ఐదు. పన్నెండు పది. అక్కడ ఎయిర్‌పోర్టులో క్యూ ఎంత పొడవుందో. సత్తార్ వరుసలో పద్దెనిమిదోవాడు. చిన్నప్పుడు రేషన్ షాపు వరుసలో కూడా ముందుకు తోసుకునేవాడు కాదు. అందరినీ పోనిచ్చి, చివర్లో చక్కెర అయిపోయిందని ఖాళీ సంచితో వచ్చేవాడు.

పన్నెండు పంతొమ్మిదికి ఫోన్ మోగింది.

“ఏమ్మా,” అంది నారాయణ గొంతు. “చీరలకు ఫాల్ అయిందా అని అడుగుతాండావా?”

“అడుగుతాండా మామా.”

“నలభై ఒక్కటీ అయినాయి.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది. “పద్దెనిమిదోది?”

“అయినాదమ్మా. శానా సన్నబడినాడంట. మనిషి మాత్రం బాగుండాడంట.”

*

మధ్యాహ్నం గ్యాస్ సిలిండర్ల ఆటో వేషంలో డిపార్ట్‌మెంట్ బండి వచ్చి అమూల్యను తీసుకెళ్లింది. ఆమె చెప్పిన వివరాలతో వారంలో కోబాల్ట్ ముఠాలో తొమ్మిది మంది దొరికారు. ముద్దనూరు దగ్గర జేసీబీ మాత్రం దొరకలేదు. దాన్ని నిజమైన రోడ్డు పనివాళ్లు వాడుకుంటున్నారు.

సత్తార్ దేశానికి వచ్చాడు. ఏ ఊళ్లో ఉంచారో చెప్పరు. ఏడాది దాకా చూడకూడదు, రూలు. నూరున్నీసా అడగలేదు. బతికున్నాడు. ఒక ఊళ్లో ఉన్నాడు. ఆ ఊళ్లో కూడా పొద్దున్నే ఎవరో షట్టర్లు తీస్తుంటారు. అంతవరకు చాలు.

సోమవారం నారాయణ మళ్లీ వచ్చాడు. కొత్త తీగ, కొత్త ఫ్యూజు తెచ్చాడు. ఈసారి ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నువ్వు రూలు తప్పినావు. దాన్ని సర్వర్ కాడ ఒంటరిగా వదిలినావు.”

“తప్పినా మామా. శిక్ష ఏందో చెప్పు.”

“నేను కూడా తప్పినా. గుండె సప్పుడూ, ఎర్ర స్విచ్చీ ఒకే కేబుల్ మీద పెట్టినా. ఒక లైను తెగితే రెండో లైను ఉండాల. సిన్న పిల్లోనికి తెలుసు. హెడ్ ఆఫీసుకు రాసినా. రెండో కేబుల్‌కు బడ్జెట్ లేదన్నారు.”

“మరి?”

నారాయణ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి ముద్ర వేసిన కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని, ప్రభుత్వ భాషలో చదివాడు. “ప్రత్యామ్నాయ హార్ట్‌బీట్ ఏర్పాటు. జమ్మలమడుగు నోడ్, పులివెందుల నోడ్, రోజుకొకసారి, టెలిఫోన్ ద్వారా, ఒకరి ఉనికిని ఒకరు ధ్రువీకరించుకొనవలెను. వ్యవధి రెండు నిమిషాలు.” కాగితం మడిచాడు. “నీ కష్టం సూసి రాసింది కాదమ్మా. దేశం కోసరం. చాయ్ పెట్టు, పాలు లేకుంటే డికాషనే ఇయ్యి.”

మరుసటి రోజు పదకొండు గంటలకు ఫోన్ మోగింది. తెలియని నంబర్. నూరున్నీసా చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

అవతల గొంతు బొంగురుగా ఉంది. వాడకం తక్కువైన గొంతు.

“హలో... ఉండావా?”

“ఉండా.”

“నేనూ ఉండా.”

ధ్రువీకరణ అయిపోయింది. పన్నెండు సెకన్లు పట్టింది. ఇంకా నిమిషం నలభై ఎనిమిది సెకన్లు మిగిలి ఉంది. ఆమెకు అతని ఊపిరి వినిపించింది. సెకనుకోసారి కాదు, కొంచెం అటూ ఇటుగా.

చివరికి అవతలినుంచి అతనే అడిగాడు. “ఈ పొద్దు ఏం కూర?”

నూరున్నీసా చెప్పింది. ఆ సంభాషణంతా డిపార్ట్‌మెంట్ రికార్డులో ఉంది. కూర పేరు ఒక్కటే నల్ల సిరాతో కొట్టేసి, పక్కన ‘అత్యంత రహస్యం’ అని రాశారు.

ఖాతూన్‌బీ, అరవై ఎనిమిది ఏండ్లు. పుట్టింది జమ్మలమడుగులో. ఇప్పుడు ఉంటున్నది ప్రొద్దుటూరు పక్కన రాజుపాలెంలో.